పాలకుని యోగ్యతాపత్రము

మన పాఠశాలలలో ఆగస్టు పదునైదవ తేదీన జరుగు సభలను గమనించినవారికి ఒక వాడుక కంటబడక మానదు. వక్త విద్యార్థి కానిండు, ఉపాధ్యాయుడు కానిండు, ఒక జాతీయ నాయకుని గొప్పతనమును నిరూపింపవలసి వచ్చినప్పుడు తుదకు ఒక తెల్లదొరను సాక్ష్యమునకు పిలుచును. గాంధీమహాత్మునకు శిక్ష విధించిన ఆంగ్ల న్యాయాధిపతియే ఆయనను ప్రశంసించెనని చెప్పును. సభలో చప్పట్లు మ్రోగునది ఆ మాటకే. ఆనాడు న్యాయస్థానమున గాంధీజీ యేమి చెప్పెనో, ఏల చెప్పెనో సభాసదులలో పలువురకు తెలియదు. జడ్జి మెచ్చుకొనెనన్న సంగతి మాత్రము అందరకు తెలియును. పొరుగింటి పుల్లకూర రుచి యను సామెత వంటలకే కాక మెప్పులకును చెల్లుచున్నది.

దీనికి ఎదురుగా మరియొక వాడుక కలదు. అది జైలు లెక్క. ఫలాని నాయకుడు ఇన్ని సంవత్సరములు చెరలో నుండెను, కావున గొప్పవాడు. ఫలానివాడు ఒక్కనాడైనను చెరకు పోలేదు, కావున అంతటివాడు కాడు అని తీర్పు చెప్పుదురు. మొదటి వాడుక పాలకుని మెప్పును కొలబద్దగా గ్రహించుచున్నది. రెండవది పాలకుని కోపమును గ్రహించుచున్నది. రెండింటిలోను కొలబద్ద పాలకునిదే. రాజ్యము పోయినది, వారి తక్కెడ మాత్రము మన చేతిలో మిగిలినది. ఈ తక్కెడ ఎట్టిదో, దానితో పాలకులు వాస్తవముగా దేనిని తూచిరో విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

నా అభిప్రాయమును ముందుగనే చెప్పుదును. ఆంగ్లపాలకులు మన నాయకులను చూచిన చూపునకు మూలము ఆ నాయకుల శీలమును కాదు, పాండిత్యమును కాదు. పెక్కు సందర్భములలో వారు చేసిరన్న నేరమును కాదు. వారి మాట ఎంతమందికి చేరుచున్నది, విన్నవారు లేచి కదలుదురా లేదా అనునదియే పాలకుల లెక్క. మాట కొద్దిమందికే చేరినంతకాలము చులకనయో, మర్యాదయో లభించును. అది పల్లెలకు, మిల్లులకు, అడవులకు చేరినప్పుడు శిక్ష వచ్చును. చరిత్రలోని కొన్ని సంగతులను ఈ దృష్టితో వరుసగా చూతము.

1885లో కాంగ్రెసు పుట్టినది. మూడేండ్లు గడచిన పిదప, 1888 నవంబరులో, కలకత్తాలో స్కాట్లండు వారి పండుగ విందున వైస్రాయి డఫరిన్ ప్రభువు ప్రసంగించుచు, ఈ కాంగ్రెసువారు సూక్ష్మదర్శినితో చూడవలసినంత అల్పసంఖ్యాకులని ఎగతాళి చేసెను. 1900లో కర్జన్ ప్రభువు ఇండియా మంత్రికి వ్రాసిన లేఖలో, కాంగ్రెసు కూలుటకు సిద్ధముగా నున్నదనియు, అది ప్రశాంతముగా కన్నుమూయుటకు తోడ్పడుట తన ఆశయములలో ఒకటియనియు తెలిపెను. ఈ చులకనకు వారు చూపు కారణమొకటి కలదు. ఆంగ్లము చదివిన ఈ కొలదిమంది వకీళ్లు, సంపాదకులు, పంతుళ్లు కోట్లాది రైతుల తరపున మాటలాడుటకు ఎవరు అని వారి ప్రశ్న. రైతుబిడ్డలకు నిజమైన తల్లిదండ్రులము మేమే అని వారి భావము.

ప్రశ్న పైకి న్యాయముగనే కనబడును. అట్లయినచో రైతునకు తెలియు భాషలో వ్రాయువానిని, మాటలాడువానిని ఈ పాలకులు ఆదరింపవలసియుండెను గదా! వారేమి చేసిరో చూడుడు. 1878లో లిట్టన్ ప్రభువు దేశభాషా పత్రికల చట్టమును చేసెను. అది ఆంగ్లపత్రికలకు వర్తింపదు. దేశభాషలలో వెలువడు పత్రికలకు మాత్రమే వర్తించును. ముద్రాపకునిచే పూచీకత్తు వ్రాయించుకొనుటకును, అచ్చుయంత్రమును జప్తు చేయుటకును అధికారులకు హక్కు కలిగెను. న్యాయస్థానమునకు చెప్పుకొనుటకు దారి లేదు. కలకత్తాలోని అమృతబజారు పత్రిక వంగభాషలో వ్రాయుట మాని, ఒక్కసారిగా పూర్తి ఆంగ్లపత్రికగా మారి ఆ ఉరినుండి తప్పించుకొనెను. రిప్పన్ ప్రభువు కాలమున ఈ చట్టము రద్దయినది. కాని దానిని పుట్టించిన బుద్ధి రద్దు కాలేదు. ఆంగ్లమున మాటలాడినవాడు అల్పసంఖ్యాకుడు. దేశభాషలో మాటలాడినవాడు రాజద్రోహి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఈ భేదమును తేటగా చూపుటకు గోఖలే, తిలకుల జీవితములకంటె మంచి ఉదాహరణము లేదు. ఇరువురును పూనా నగరమున పనిచేసిన ప్రతిభావంతులు. ఇరువురును ఉపాధ్యాయులుగా జీవితము నారంభించి ఫెర్గుసన్ కళాశాలలో పాఠములు చెప్పినవారు. ఇరువురును ఆంగ్లమున దిట్టలు. గోఖలే శాసనసభలో ఆంగ్లమున, అంకెలతో, అణకువతో వాదించెను. ఆయనకు 1904లో సి.ఐ.ఇ. అను బిరుదు లభించినది; 1914లో అంతకు మించిన సర్ బిరుదమును ఇవ్వజూపగా ఆయన వలదనెను. తిలకు 'కేసరి' పత్రికలో మరాఠీభాషలో వ్రాసెను. గణపతి ఉత్సవములను, శివాజీ ఉత్సవములను జనసామాన్యపు పండుగలుగా చేసెను. ఆయనకు 1897లో పదునెనిమిది మాసముల కఠినశిక్ష లభించినది. తిలకునకు 'మరాఠా' అను ఆంగ్లపత్రిక కూడ నుండెను. అయినను ఆయనకు శిక్ష పడిన రాజద్రోహపు అభియోగములు మరాఠీ 'కేసరి'లోని వ్రాతలమీదనే వచ్చుట గమనింపదగినది.

ఆ 1897నాటి విచారణలో జడ్జి స్ట్రేచీ రాజద్రోహపు సెక్షనులోని ముఖ్యపదమునకు చెప్పిన అర్థము భాషాభ్యాసులు మరువరానిది. ప్రభుత్వముపై జనులకు ద్వేషము కలిగించుటయే కాదు, ప్రభుత్వముపై అనురాగము లేకుండుటయు ఆ పదమున ఇమిడియున్నదని ఆయన జూరీకి వివరించెను. అనగా పాలకుని ప్రేమింపకపోవుటయే నేరము. తొమ్మండుగురు జూరీసభ్యులలో ఆరుగురు ఐరోపావారు దోషియనిరి; ముగ్గురు భారతీయులు నిర్దోషియనిరి. ఇరువదియైదేండ్ల పిమ్మట గాంధీజీ తన విచారణలో దీనికి సూటియైన సమాధానము చెప్పెను: అనురాగమును చట్టముచే పుట్టింపజాలరు, చట్టముచే అదుపు చేయజాలరు.

ఇక 1908వ సంవత్సరమునకు వత్తము. ఈ ఒక్క సంవత్సరమున జరిగిన మూడు విచారణలు దక్షిణాపథమున మూడు భాషలలో మాటలాడిన ముగ్గురిపై జరిగినవి. మరాఠీలో తిలకు, తమిళమున చిదంబరం పిళ్ల, తెలుగున గాడిచర్ల హరిసర్వోత్తమరావు.

తూత్తుకుడిలో వి. ఓ. చిదంబరం పిళ్ల న్యాయవాది. 1906లో ఆయన స్వదేశీ ఓడల కంపెనీని స్థాపించి, ఆ సముద్రమార్గమున గుత్తాధిపత్యము చేయుచున్న ఆంగ్ల కంపెనీతో పోటీకి దిగెను. మిల్లు కూలీలకు, వీథిజనమునకు తమిళమున ఉపన్యసించెను. 1908 మార్చి 12న ఆయనను నిర్బంధించిరి. మరునాడు తిరునెల్వేలిలో ప్రజలు అలజడి చేయగా పోలీసులు కాల్పులు జరిపిరి, నలుగురు చనిపోయిరి. పిళ్లకు న్యాయస్థానము యావజ్జీవ ద్వీపాంతరవాసమును విధించెను. హైకోర్టు తరువాత శిక్షను తగ్గించినది గాని, కోయంబత్తూరు జైలులో ఆ న్యాయవాదిచే ఎద్దు లాగవలసిన గానుగను లాగించిరి. ఆంగ్లమున సభలలో తీర్మానములు ప్రతిపాదించిన వకీలునకు విందులు. తమిళమున కూలీలతో మాటలాడిన వకీలునకు గానుగ.

ఆ తిరునెల్వేలి కాల్పుల వార్త బెజవాడకు చేరినది. అక్కడ 'స్వరాజ్య' అను తెలుగు వారపత్రికను నడుపుచుండినవాడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఈయన కథను మన ఉపాధ్యాయలోకము ప్రత్యేకముగా తెలిసికొనదగును. ఏలయన, ఈయన ఉపాధ్యాయుడు కాదలచినవాడు. ఎం.ఏ. పట్టము పుచ్చుకొని రాజమహేంద్రవరమున ఉపాధ్యాయశిక్షణ కళాశాలలో చదువుచుండగా 1907లో బిపినచంద్రపాలుడు ఆంధ్రదేశమునకు వచ్చి ఉపన్యాసములిచ్చెను. విద్యార్థులు వందేమాతరమనిరి. ప్రిన్సిపాలు మార్క్ హంటరు కన్నెఱ్ఱజేసెను. హరిసర్వోత్తమరావు కళాశాలనుండి బహిష్కరింపబడెను; సర్కారు కొలువునకు అనర్హుడని ముద్ర వేయబడెను. తరగతిగది తలుపు మూయగా ఆయన పత్రిక తలుపు తెరిచెను. తిరునెల్వేలి కాల్పులను నిరసించుచు 'స్వరాజ్య'లో వెలువడిన తెలుగు వ్యాసమునకై ఆయనపై రాజద్రోహపు నేరము మోపిరి. క్రింది న్యాయస్థానము ఆరుమాసముల శిక్ష వేసెను. అది చాలదని ప్రభుత్వమే హైకోర్టునకు ఎక్కగా శిక్ష మూడు సంవత్సరములైనది. ఒక జిల్లా పట్టణమున వెలువడిన చిన్న తెలుగు వారపత్రికలోని ఒక్క వ్యాసము! డఫరిన్ ప్రభువు సూక్ష్మదర్శిని ఇప్పుడెక్కడ పోయినదో!

అదే సంవత్సరము జూలైలో బొంబాయి హైకోర్టున తిలకుని రెండవ విచారణ జరిగినది. 1897లో తిలకు పక్షమున జామీనుకై వాదించిన దావరు అను న్యాయవాదియే ఇప్పుడు న్యాయాధిపతి. తిలకు తన పక్షమున తానే పలు దినములు వాదించెను. ఆ వాదమున పెద్దభాగము అనువాదమునకు సంబంధించినది. తాను వ్రాసిన మరాఠీ మాటలకు న్యాయస్థానపు అనువాదకుడు కూర్చిన ఆంగ్లపదములు మూలముకంటె పరుషములనియు, తనను తన మాటలకుగాక అనువాదకుని మాటలకు శిక్షించుట తగదనియు ఆయన వాదము. జూరీలో మరాఠీ చదువగలవారు లేరు. ఏడుగురు దోషియనిరి, ఇరువురు కాదనిరి. దావరు ఆ వ్రాతలు రోగగ్రస్తమైన, వక్రించిన మనస్సునుండి పుట్టినవని నిందించి ఆరేండ్ల ద్వీపాంతరవాసమును, వేయి రూపాయల జరిమానాను విధించెను. బొంబాయి మిల్లు కార్మికులు ఆరుదినములు పని మానిరి. ఆ మరాఠీని చదువలేని జూరీకిని, దానిని విని మిల్లు విడిచి వచ్చిన కార్మికునకును గల అంతరమే ఆ విచారణకు అసలు కారణము.

మరి గోఖలేకు దక్కిన మర్యాద ఏమి ఫలించినది? 1911లో ఆయన కేంద్రశాసనసభలో ప్రాథమికవిద్యను క్రమక్రమముగా నిర్బంధము చేయుటకు బిల్లును ప్రవేశపెట్టెను. ఆ బిల్లున విప్లవము లేదు, బాంబు లేదు, పల్లెటూరి పిల్లవానికి పలక, బలపము ఇమ్మని కోరుట మాత్రమే యున్నది. 1912 మార్చిలో ఆ బిల్లు 13 మంది అనుకూలముగను 38 మంది ప్రతికూలముగను ఓటు వేయగా వీగిపోయినది. రైతులకు మేమే తల్లిదండ్రులమన్న పాలకులు రైతుబిడ్డ చదువునకు డబ్బు లేదనిరి. గోఖలే వాగ్ధాటిని పొగడిన నోళ్లే బిల్లును కాదనినవి. మెప్పు వ్యక్తికి దక్కినది, కోరిక నెరవేరలేదు. ఈ ఒక్క ఉదాహరణము చాలును, పాలకుని ప్రశంస వెల ఎంతో తెలియుటకు.

ఇప్పుడు గాంధీజీ సంగతి. 1915లో దక్షిణాఫ్రికా సేవలకుగాను కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకమును ప్రభుత్వము ఆయనకిచ్చెను. 1920 ఆగస్టు 1న, తిలకు కన్నుమూసిన దినముననే, ఆయన దానిని తిరిగి పంపెను. 'యంగ్ ఇండియా' పత్రికలోని మూడు వ్యాసములకై 1922 మార్చిలో ఆయనను నిర్బంధించిరి. ఈ వ్యాసములు ఆంగ్లములోనివే గదా, దేశభాషల వాదము ఇచట చెల్లదు గదా యని చదువరి అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. కాని 1922 నాటికి గాంధీజీ ఏ భాషలో వ్రాసినను అది వారము తిరుగకుండ రచ్చబండకు చేరుచుండెను. భాషాభేదమను గోడ ఆయన విషయమున కూలియుండెను. ఇచట తేదీలను చూడవలెను. మూడు వ్యాసములలో మొదటిది 1921 సెప్టెంబరులో వెలువడినది. అది నేరమైనచో ఆరునెలలు ఏల ఊరకుండిరి? ఉద్యమము పోటెత్తియుండగా ఆయనపై చేయి వేయుటకు వెఱచిరి. చౌరీచౌరా దుర్ఘటన పిదప 1922 ఫిబ్రవరిలో గాంధీజీ తానే ఉద్యమమును నిలిపివేసెను. జనము నిరుత్సాహమున నుండగా మార్చి 10న నిర్బంధించిరి. నేరము ఆరునెలలు నిలువయున్నది. మారినది జనసముద్రపు ఆటుపోటు మాత్రమే.

మార్చి 18న అహమ్మదాబాదున జరిగిన విచారణలో న్యాయాధిపతి బ్రూమ్‌ఫీల్డ్ చూపిన మర్యాద నిజమైనదే. గాంధీజీ కోట్లాది జనుల దృష్టిలో గొప్ప దేశభక్తుడనియు, రాజకీయములలో ఏకీభవింపనివారును ఆయనను సాధుజీవనము గడపువానిగా భావింతురనియు ఆయన పలికెను. ప్రభుత్వము ఈ శిక్షను తగ్గింపగలిగినచో తనకంటె సంతోషించువాడుండడనెను. గాంధీజీయు ఆ సౌజన్యమును అంగీకరించెను. కాని శిక్ష ఎంత? ఆరేండ్లు. దావరు తిట్టి విధించినదియు ఆరేండ్లే. బ్రూమ్‌ఫీల్డ్ పొగడి విధించినదియు ఆరేండ్లే. వ్యక్తిగా బ్రూమ్‌ఫీల్డ్ గౌరవింపదగినవాడు. కాని రాజ్యయంత్రమున ఆయన మంచిమాటకు కదలిన చక్రమొక్కటియు లేదు. 1924లో గాంధీజీ విడుదలయైనది జబ్బుపడి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట.

ఈ మర్యాదను మరియొక ప్రక్కనుండియు చూడవలెను. మర్యాదకు ప్రేక్షకులు కావలెను. అహమ్మదాబాదు న్యాయస్థానమును ప్రపంచపత్రికలు చూచుచుండెను. మన మన్యమును ఎవరు చూచిరి? అదే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా మూడు దినములలో దాడి చేసెను. అడవి చట్టములవలన పోడు పోయి, రోడ్డుపనులలో కూలి దక్కక కుమిలిన మన్యపు జనము ఆయనవెంట నడచిరి. మలబారు పోలీసును, అస్సాము రైఫిల్సును దింపి ప్రభుత్వము రెండేండ్లు పోరాడెను. ఆయుధము పట్టినవానిపై రాజ్యము ఆయుధము పట్టుట వింత కాదు. కాని 1924 మే 7న ఆయన పట్టుబడిన పిదప తమ చట్టమే విధించిన విచారణ ఏదీ? కొయ్యూరులో ఆయన విచారణ లేకయే కాల్చి చంపబడెను. గాంధీజీ విడుదలయై అప్పటికి మూడు మాసములు. ఒకే రాజ్యము, ఒకే వత్సరము. ఒకచోట చూచువారుండిరి, ఒకచోట లేరు.

పైగా, ఆ పోరాటమునకు దస్త్రములలో వ్రాసిన పేరు ఫితూరీ. తెలుగుదేశపు రెవెన్యూ దస్త్రములకు అలవాటైన అన్యదేశ్యమిది. కుట్ర, కలహము అని దాని భావము. రంప ఫితూరీ యని వారు వ్రాసిరి. రంప ఫితూరీ యని మన పుస్తకములును చాలకాలము వ్రాసినవి. భాషను బోధించువాడనగుటచే నేనీ సంగతిని నొక్కి చెప్పుచున్నాను. చూపు మొదట మాటలోనే స్థిరపడును. పాలకుడు పెట్టిన పేరును మనము మారుమాట లేక వాడినంతకాలము పాలకుని కన్నుతోనే చూచుచున్నట్లు లెక్క.

చెరసాలలోపల కూడ ఈ తక్కెడ ఆగలేదు. రాజకీయ ఖైదీలకు మనుష్యోచితమైన మన్నన కావలెనని లాహోరు జైలులో భగత్‌సింగు, ఆయన అనుచరులు నిరశనవ్రతము పూనిరి. 1929 సెప్టెంబరు 13న జతీంద్రనాథదాసు 63 దినముల ఉపవాసముతో ప్రాణము విడిచెను. దేశము గగ్గోలెత్తగా 1930లో ప్రభుత్వము ఖైదీలను ఏ, బీ, సీ తరగతులుగా విభజించినది. ఆ తరగతికి ఆధారమేమి? ముఖ్యముగా సాంఘికస్థాయి, చదువు, జీవించిన తీరు. ఒకే ఉప్పు కాచి, ఒకే లాఠీదెబ్బ తిని, ఒకే దినమున చెరకు పోయిన ఇద్దరిలో ప్లీడరు ఏ తరగతికిని, పాలేరు సీ తరగతికిని పోవుట సామాన్యమైనది. త్యాగము సమానము, భోజనపు పళ్లెము వేరు. ఈనాడు మనము జైలు సంవత్సరములను మాత్రమే లెక్కించి గొప్పతనము నిర్ణయించునప్పుడు ఈ సీ తరగతివారి పేర్లు లెక్కలోనికే రావు.

ఇంతకును ఆంగ్లేయులలో మంచివారు లేరా యని అడుగవచ్చును. ఉండిరి. హ్యూము కాంగ్రెసును స్థాపించుటలో ముఖ్యుడు. వెడర్బర్న్ రెండుమార్లు కాంగ్రెసు అధ్యక్షుడయ్యెను. ఆండ్రూస్ దీనబంధువను పేరొందెను. కాని వారి చరిత్రయు మన మాటనే బలపరచుచున్నది. అనిబిసెంటమ్మ హోంరూలు ఉద్యమమును ఊరూరికి చేర్చినప్పుడు, 1917 జూనులో, మద్రాసు ప్రభుత్వము ఆమెను ఉదకమండలమున నిర్బంధించెను. బొంబాయి క్రానికల్ సంపాదకుడైన హార్నిమన్ రౌలట్ చట్టమును ఎదిరించి ప్రజలలో పలుకుబడి సంపాదింపగా 1919 ఏప్రిలులో ఆయనను దేశమునుండి వెడలగొట్టిరి. తెల్లచర్మము వారిని కాపాడలేదు. కావున తూచినది కేవలము రంగును కాదు. ప్రజలకు వినబడు కంఠమును.

పాలకుడు వెఱచినప్పుడు అతని మాట ఎట్లు మారునో 1930, 1931 సంవత్సరములు చూపును. 1930 ఫిబ్రవరిలో వైస్రాయి ఇర్విన్ ఇండియా మంత్రికి వ్రాయుచు, ఉప్పు ఉద్యమము తలపోయుటచే తన నిద్రకు భంగము కలుగుట లేదనెను. ఆ సంవత్సరము తిరుగునప్పటికి జైళ్లు నిండినవి. 1931 మార్చిలో ఆయనయే గాంధీజీతో ఎదురెదురుగా కూర్చుండి ఒడంబడికపై చేవ్రాలు చేసెను. ఆ సంభాషణలు జరుగుచుండగనే చర్చిల్ గాంధీజీని ఫకీరు వేషమువేసిన మిడిల్ టెంపుల్ వకీలని, అర్ధనగ్నుడై వైస్రాయి మేడమెట్లు ఎక్కుచున్నాడని ఏవగించుకొనెను. గాంధీజీ చదివినది ఇన్నర్ టెంపుల్‌లో. ఏవగింపునకు అట్టి వివరములు అక్కరలేదు. చర్చిల్‌కు కంటగింపైనది కొల్లాయిగుడ్డ కంటె, ఆ గుడ్డ కట్టినవాడు చక్రవర్తి ప్రతినిధితో సమస్కంధుడై కూర్చుండుట. ఆ మాటను మనము నిందగా కోపగించుకొనుటయో, పిమ్మట బిరుదముగా మురియుటయో చేయుచున్నాము. చేయవలసినది దానిని సాక్ష్యముగా చదువుట. గుమ్మడికాయల దొంగ ఎవరనగా భుజములు తడుముకొన్నవాని సాక్ష్యము అది.

ఇక జైలు లెక్కను గూర్చి ఒక మాట. గోఖలే జైలుకు పోలేదు. అంతమాత్రమున ఆయన తిలకునకు తీసిపోవునా? ఆనాడు వీగిపోయిన ఆయన బిల్లులోని కోరికయే 2002లో రాజ్యాంగసవరణయై, పిల్లల విద్యాహక్కుగా మన రాజ్యాంగమున చేరినది. ఆ బిల్లు విలువ పాలకుని మెప్పునను లేదు, కోపమునను లేదు. పలక పట్టిన పిల్లవాని చేతిలో నున్నది. అట్లే హరిసర్వోత్తమరావు విలువ మూడేండ్ల చెరలో మాత్రమే లేదు. చెరనుండి వచ్చిన పిదప దశాబ్దములపాటు గ్రంథాలయములకు, వయోజనవిద్యకు ఆయన చేసిన చాకిరిలో నున్నది. రాజద్రోహి యని ఆయనకు తరగతిగది మూసిరి. ఆయన ఊరినే తరగతిగదిగా చేసెను.

ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటి. నాయకులను గూర్చి పాలకులు పలికిన మాటలను పాఠమునుండి తొలగింపవలదు; తొలగించినచో చరిత్ర కుంటువడును. కాని అట్టి మాట వచ్చిన ప్రతిసారియు విద్యార్థులచే మూడు ప్రశ్నలు అడిగింపవలెను. ఈ మాట ఎవరితో చెప్పబడినది? ఎప్పుడు చెప్పబడినది? చెప్పిన పిదప ఏమి చేయబడినది? డఫరిన్ మాట విందుబల్లయొద్దిది; కర్జన్ మాట ఆంతరంగిక లేఖలోనిది; బ్రూమ్‌ఫీల్డ్ మాట పత్రికాలోకము వినుచుండగా పలికినది. ఈ మూడింటిని ఒక్క ధరకు కొనరాదు. మూడవ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. మాట తీయగనుండి చేత చేదైనచో విద్యార్థి చేతనే చరిత్రగా గ్రహించును.

అట్లే పేర్లను ప్రశ్నింపజేయవలెను. మితవాదులు, అతివాదులు అను మాటలు నేటికిని మన పాఠ్యపుస్తకములలో నున్నవి. 1907 జనవరిలో తిలకు కలకత్తాలో ప్రసంగించుచు, ఈ రెండు పేర్లును కాలమునుబట్టి మారునవి యనియు, నేటి అతివాదులే రేపటి మితవాదులగుదురనియు చెప్పెను. మితమెంతో, అతియెంతో నిర్ణయించిన కొలత ఎవరిది యని అడుగు బాలుడు చరిత్రను కంఠస్థము చేయు బాలునికంటె ముందడుగు వేసినట్లే.

ఇది గతమును గూర్చిన ముచ్చట మాత్రమే కాదు. 1870లో మన దండస్మృతిలో చేర్చబడి, తిలకును, గాడిచర్లను, గాంధీజీని చెరకు పంపిన ఆ రాజద్రోహపు సెక్షను స్వాతంత్ర్యము వచ్చిన పిదపను నిలిచియున్నది. 1962లో సర్వోన్నత న్యాయస్థానము దాని వ్యాప్తిని తగ్గించెను. 2022లో దాని ప్రయోగమును ఆపెను. 2024 జూలై 1న పాత దండస్మృతితోపాటు అది తొలగి, వేరుమాటలతో 152వ సెక్షను దాని స్థానమున వచ్చినది. ఆ పాత తక్కెడ వాసన క్రొత్తదానికి ఎంతవరకు వదలినదో కాలమును న్యాయస్థానములును తేల్చును. పౌరులకు మాత్రము ఒక జ్ఞానము అవసరము. ఏ కాలమునను, ఏ పాలకుడైనను, ఒకనిని పొగడినప్పుడును తెగడినప్పుడును ఆ మాటను వెంటనే తలకెత్తుకొనరాదు. అతని మాట ఎవరికి చేరుచున్నది, ఎవరికి చేరరాదని పాలకుడు కోరుచున్నాడు అని విచారింపవలెను.

మన నాయకులు యోగ్యతాపత్రములకై పనిచేసినవారు కారు. గాంధీజీ పతకమును తిరిగి పంపెను; గోఖలే బిరుదమును వలదనెను; హరిసర్వోత్తమరావు పట్టము పుచ్చుకొని పాఠశాల వాకిట నిలువనీయబడలేదు. వారు త్రోసిపుచ్చిన దానిని ఏరి తెచ్చి వారి మెడలోనే అలంకరించుట వారికి గౌరవము కాదు. రాబోవు ఆగస్టు సభలో ఒక విద్యార్థి లేచి, దొర ఏమనెనో చెప్పుటకు మారుగా, నాయకుడేమనెను, దానిని విని మన ఊరివారేమి చేసిరి అని చెప్పినచో, ఆనాడు చప్పట్లు చరచుట ఉచితము.